చెత్తకుప్పల్లో దొరికిన మసీదు: బాన్యా లూకా ఫెర్హాదియాపై కేస్ స్టడీ

1993 మే 6 రాత్రి గడిచి 7వ తేదీ తెల్లవారకముందే బోస్నియాలోని బాన్యా లూకా నగరం నడిబొడ్డున ఉన్న ఫెర్హాదియా మసీదును పేల్చేశారు. అప్పటికి దాని వయసు 414 ఏళ్లు. అదే రాత్రి, కొద్ది నిమిషాల తేడాతో, దగ్గర్లోనే ఉన్న అర్నావుదియా మసీదు కూడా నేలకూలింది. బోస్నియాలో అప్పుడు యుద్ధం నడుస్తున్న మాట నిజమే. కానీ బాన్యా లూకా వీధుల్లో పోరు లేదు. నగరం బోస్నియా సెర్బు అధికారుల చేతిలో ఉంది. ఫిరంగి గుండు గురి తప్పి తగిలిందనో, శత్రుసైనికులు లోపల దాక్కున్నారనో చెప్పడానికి ఆస్కారమే లేదు. మందుగుండు తెచ్చి, అమర్చి, వేళ చూసుకుని పేల్చారు. 1992–95 మధ్య ఆ నగరంలోని 16 మసీదులనూ ధ్వంసం చేశారు.

2016 మే 7న ఫెర్హాదియా మళ్లీ తలుపులు తెరిచింది. ఆ రెండు తేదీల మధ్య 23 ఏళ్లలో ఏం జరిగిందన్నదే ఈ కేసు.

రాతి కట్టడాల పరిరక్షణ నా వృత్తి. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు మొదట ఫెర్హాదియా గురించే మాట్లాడతాను. ‘కూల్చేసిన కట్టడాన్ని మళ్లీ కడితే అది వారసత్వమా, నకలా?’ అని వాళ్లు అడుగుతారు. కూల్చినది మనిషి బుద్ధిపూర్వకంగా కూల్చినదైతే, దాని రాళ్లూ దాని కాగితాలూ మిగిలి ఉంటే, మళ్లీ కట్టడం మన వృత్తిధర్మంలో భాగమేనన్నది నా సమాధానం. దీన్ని ఒప్పుకోని పెద్దలు మా రంగంలో చాలామంది ఉన్నారు. వారి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు కాబట్టి దాన్నీ వివరంగానే చెబుతాను.

కట్టడం, కట్టించినవాడు

ఒట్టోమన్ల కాలంలో బోస్నియాను పాలించిన ఫెర్హాద్ పాషా సొకొలోవిచ్ 1579లో ఈ మసీదు కట్టించాడు. మరుసటి ఏడాదే బోస్నియా హోదా పెంచి పెద్ద రాష్ట్రంగా చేసినప్పుడు దానికి మొదటి బెయ్‌లర్‌బెయ్, అంటే రాష్ట్రాధిపతి, అతడే అయ్యాడు. హైదరాబాద్‌లో చార్మినార్ లేవడానికి పన్నెండేళ్ల ముందటి మాట ఇది. 1575లో హాబ్స్‌బర్గ్ సరిహద్దులో జరిగిన పోరులో ఆస్ట్రియా పక్షపు సేనాని హెర్బార్డ్ ఫాన్ అవర్స్‌పెర్గ్ హతుడయ్యాడు, అతని కొడుకు బందీగా చిక్కాడు. తండ్రి తల కోసం, కొడుకు విడుదల కోసం ఆ కుటుంబం చెల్లించిన 30,000 డ్యూకాట్లతోనే (బంగారు నాణేలు) ఫెర్హాద్ పాషా మసీదు కట్టించాడని జనం చెప్పుకుంటారు.

వాస్తుశిల్పి పేరు ఎక్కడా లేదు. శైలి చూస్తే మాత్రం ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ ప్రధాన వాస్తుశిల్పి మిమార్ సినాన్ నడిపిన సంప్రదాయంలో తయారైన చెయ్యి అని తెలుస్తుంది. సుమారు 18 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు. గుమ్మటం కొస వరకూ ఎత్తు 18 మీటర్లు. దాని పక్కన 43 మీటర్ల మీనార్. ప్రవేశం ముందు మూడు చిన్న గుమ్మటాల వసారా. ఇస్తాంబుల్ మసీదులతో పోలిస్తే చిన్నదే. అయితే దాని అందం కొలతల పొందికలో ఉంది. అంత పొట్టి దేహం పక్కన అంత సన్నగా, అంత ఎత్తుగా మీనార్‌ను నిలబెట్టడం ధైర్యమైన నిర్ణయం. ఆ మీనార్ మీద ఒక కథ కూడా ఉంది. ఇంత అందమైనది వేరొకరికి కట్టిపెట్టకూడదని పాషా మేస్త్రీలను మీనార్‌లోనే బంధించాడట. వాళ్లు రెక్కలు తయారు చేసుకుని ఒక రాత్రి ఎగిరిపోయారట.

మసీదు ఒంటరిగా ఉండేది కాదు. ఆవరణలో వజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లూచేతులు కడుక్కోవడం) కోసం రాతి ఫౌంటెన్, మూడు సమాధి మందిరాలు, ఖబరస్తాన్, చుట్టూ ప్రహరీ, పక్కన గడియారపు గోపురం ఉండేవి. 1590లో బుడాలో (నేటి బుడాపెస్ట్‌లో భాగం) హత్యకు గురైన ఫెర్హాద్ పాషాను తీసుకొచ్చి ఇక్కడే ఖననం చేశారు. 1969 అక్టోబరు భూకంపం బాన్యా లూకాను కుదిపేసినప్పుడు మసీదు కూడా దెబ్బతింది, మరమ్మతులు జరిగాయి. యుగోస్లావియా కాలంలోనే దానికి రక్షిత స్మారకంగా చట్టబద్ధమైన గుర్తింపు ఉంది. అంటే 1993లో కూలినది ఎవరికీ పట్టని శిథిలం కాదు. ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న, కొలిచిన, ఫోటోలు తీసిన కట్టడం. ఈ విషయం తర్వాత ఎంత అక్కరకొచ్చిందో చూద్దాం.

పేలుడు కంటే టిప్పరు లారీ

రాతి గోడకు బరువు మోయడం తెలుసు, లాగుడు తట్టుకోవడం తెలియదు. గుమ్మటం తన బరువుతో కిందికీ బయటికీ తోస్తుంటుంది, మందపాటి గోడలు ఆ తోపుడును భరిస్తుంటాయి. లోపల మందుగుండు పేలితే ఈ లెక్క ఒక్క క్షణంలో తలకిందులవుతుంది. గాలి ఒత్తిడికి గోడలు బయటికి విచ్చుకుంటాయి, ఆధారం పోయిన గుమ్మటం ఉన్నచోటే కూలుతుంది. ఫెర్హాదియాలో మొదటి పేలుడుకు మీనార్ పడలేదు. దాన్ని ఆ తర్వాత కూల్చారు.

ఇంతవరకే జరిగి ఉంటే మా వృత్తివారి పని కష్టమైనా సాధ్యమే అయ్యేది. కూలిన కట్టడం కూలినచోటే ఉంటే ఆ రాళ్ల గుట్టే ఒక పటం. గుమ్మటం రాళ్లు నడుమ ఉంటాయి, గోడల రాళ్లు ఏ దిక్కుకు పడ్డవి ఆ దిక్కున ఉంటాయి, మీనార్ ఒరిగిన వైపు దాని వరుసలు దాదాపు క్రమంలోనే పరుచుకుని ఉంటాయి. భూకంపంలో పడిన గుళ్ల దగ్గర పనిచేసినవారికి ఇది అనుభవమే. గుట్టను కదిలించకుండా గళ్లుగా విభజించి, ప్రతి రాయి ఎక్కడ పడిందో రాసుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది.

బాన్యా లూకాలో ఆ గుట్టను ఉండనివ్వలేదు. శిథిలాలను లారీలకెత్తి రామిచి దగ్గరి నగర డంపింగ్ యార్డుతో సహా వేర్వేరు చోట్ల పారబోశారు. స్థలాన్ని చదును చేశారు. అదే ఏడాది డిసెంబరులో గడియారపు గోపురాన్నీ కూల్చేశారు. సమాధి మందిరాలు కూడా మిగల్లేదు. పేలుడు కట్టడాన్ని విరిచింది. లారీలు మాత్రం ఏ రాయి ఎక్కడిదన్న సమాచారాన్నే తుడిచిపెట్టాయి. నా దృష్టిలో ఈ రెండోదే పెద్ద నేరం. కోపంలోనో మత్తులోనో చేసే పని కాదది. వాహనాలు పురమాయించాలి, ఇంధనం కావాలి, మనుషులు కావాలి, పగటి వెలుగులో రోజుల తరబడి చేయాలి. ఇక్కడ ఇలాంటిదేదీ ఎన్నడూ లేదని తర్వాతి తరం అనుకోవాలన్న ఉద్దేశం లేకపోతే ఎవరూ అంత శ్రమ పడరు.

అనుమతి కోసం ఎనిమిదేళ్లు

సాంకేతిక పని గురించే చెప్పి ఈ భాగాన్ని వదిలేసే కేస్ స్టడీలు చాలా చూశాను. వదిలేయకూడదు. మళ్లీ కట్టడానికి ఇంజనీరు కంటే ముందు న్యాయవాది కావాల్సి వచ్చింది.

1995 చివర్లో కుదిరిన డేటన్ ఒప్పందానికి ఎనిమిదో అనుబంధం పూర్తిగా జాతీయ స్మారకాల గురించే. యుద్ధాన్ని ఆపే ఒప్పందంలో కట్టడాల కోసం ఒక విడి అధ్యాయం రాయించేంతగా ఆ విధ్వంసం జరిగిందన్నమాట. ఆ అనుబంధం కింద స్మారకాల పరిరక్షణ కమిషన్ ఏర్పడింది. కాగితం మీద అంతా బాగానే ఉంది. క్షేత్రంలో మాత్రం బాన్యా లూకా ఉన్న రెపబ్లికా స్రప్స్కా, అంటే బోస్నియాలోని సెర్బుల స్వయంపాలిత భాగం, అధికారులు కట్టడానికి అనుమతులు ఇవ్వలేదు. అక్కడి ఇస్లామిక్ కమ్యూనిటీ బోస్నియా మానవ హక్కుల ఛాంబర్‌ను ఆశ్రయించింది. 1999 జూన్‌లో ఛాంబర్ తీర్పు వచ్చింది. కూల్చిన మసీదుల స్థలాలకు కంచె వేసుకోనివ్వాలని, వాటిలో మరే కట్టడమూ రాకూడదని, ఏడు మసీదులను ఉన్నచోటే తిరిగి కట్టుకోవడానికి అనుమతులు ఇవ్వాలని ఆదేశించింది. మతస్వేచ్ఛ, ఆస్తిహక్కు ఈ తీర్పుకు పునాది. కళాచరిత్ర కాదు. ఇది మా రంగంవారు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. కట్టడం ఎంత అరుదైనదో నిరూపించడం కంటే అది ఎవరి నిత్యజీవితంలో భాగమో నిరూపించడమే ఇక్కడ పనిచేసింది.

2001 మే 7న, కూల్చివేతకు సరిగ్గా ఎనిమిదేళ్లకు, శంకుస్థాపన తలపెట్టారు. సెర్బు జాతీయవాదుల గుంపు ఆ కార్యక్రమం మీద పడింది. వచ్చినవారిని రాళ్లతో కొట్టారు, బస్సులు తగలబెట్టారు. విదేశీ దౌత్యవేత్తలు సహా ఎంతోమంది ఇస్లామిక్ కమ్యూనిటీ భవనంలో గంటల తరబడి చిక్కుకుపోయారు. ముప్పైమందికి పైగా గాయపడ్డారు, వారిలో ఒకరు తర్వాత ప్రాణం విడిచారు. జూన్ 18న భారీ పోలీసు బందోబస్తు నడుమ శంకుస్థాపన జరిగింది. 2003 మేలో కమిషన్ ఫెర్హాదియా స్థలాన్ని, మిగిలిన శకలాలతో సహా, జాతీయ స్మారకంగా ప్రకటించింది.

నేరవిచారణ వేరే దారిలో నడిచింది. మాజీ యుగోస్లావియా కోసం హేగ్‌లో ఏర్పాటైన అంతర్జాతీయ ట్రిబ్యునల్ శాసనం మతసంస్థలు, చారిత్రక స్మారకాల ధ్వంసాన్ని యుద్ధనేరంగా పేర్కొంది. బాన్యా లూకా కేంద్రంగా ఉన్న క్రయినా ప్రాంతపు అత్యవసర పాలకమండలికి నాయకుడిగా ఉన్న రదోస్లావ్ బర్జానిన్‌కు 2004లో పడిన శిక్షకు కారణమైన నేరాల్లో ప్రార్థనామందిరాల ధ్వంసం కూడా ఒకటి. 32 ఏళ్ల ఆ శిక్షను అప్పీలులో 30 ఏళ్లకు తగ్గించారు. హార్వర్డ్‌లో గ్రంథాలయ నిపుణుడైన ఆండ్రాష్ రీడ్‌ల్‌మాయర్ యుద్ధం ముగిశాక బోస్నియా అంతా తిరిగి, కూలిన కట్టడాల పూర్వపు ఫోటోలు, తర్వాతి ఫోటోలు పక్కపక్కన పెట్టి ట్రిబ్యునల్‌కు నివేదికలిచ్చాడు, సాక్ష్యం చెప్పాడు. మేం రోజూ చేసే పని, కట్టడం స్థితిని నమోదు చేయడం, న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలబడగలదని ఆయన చూపించాడు.

రాయిని గుర్తుపట్టడం

కమిషన్ తన నిర్ణయాల్లో పెట్టిన షరతులు ఈ కేసుకు వెన్నెముక. మసీదు పాతచోటనే, పాత ఆకారంలో, పాత కొలతలతో లేవాలి. పాత రకం రాయి, పాత పద్ధతి వాడాలి. స్థలంలో గానీ డంపింగ్ యార్డుల్లో గానీ దొరికిన శకలాలన్నిటినీ నమోదు చేసి, వీలైన ప్రతిదాన్నీ దాని స్థానంలో తిరిగి అమర్చాలి. గోడలో పెట్టడానికి పనికిరానంతగా దెబ్బతిన్నవాటిని పారేయకూడదు, ఆవరణలోనే ప్రదర్శించాలి. లేని భాగాలను ఆధారాలున్నంత మేరకే కొత్తగా చెక్కాలి.

రూపకల్పన బోస్నియా రాజధాని సారయెవోలోని వాస్తుకళా విభాగానికి చెందిన నిపుణుల చేతుల్లో సాగింది. ఆచార్యుడు ముహమద్ హమిదోవిచ్ దానికి సారథి. డంపింగ్ యార్డులు తవ్వి వేలాది ముక్కలు బయటకు తీశారు. ఇక ప్రశ్న ఒక్కటే: ఈ ముక్క ఎక్కడిది?

మన దగ్గర రాతికట్టడాలను విప్పి మళ్లీ కట్టిన ఉదాహరణలు తెలుగువారికి కొత్త కాదు. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తప్పించడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని కూడా విప్పి, ఏళ్ల తర్వాత పునర్నిర్మించారు. ఈ పనుల్లో మొదటి మెట్టు, రాయిని కదపకముందే దాని మీద అంకె వేయడం. ఏ వరుస, ఎన్నో రాయి, ఏ ముఖం పైకి అన్నది రంగుతో రాసి, అదే అంకెను డ్రాయింగులో రాసుకుంటారు. ఫెర్హాదియాలో ఆ మెట్టే లేదు. అంకెలు వేయాల్సినవాళ్లు రాకముందే రాళ్లు వెళ్లిపోయాయి. అందుకే ప్రతి రాయినీ దాని ఒంటి మీది గుర్తులతోనే పోల్చుకోవాలి.

ఆ గుర్తులు ఏమిటో కాస్త దగ్గరగా చూపిస్తాను. చేతిలో ఒక ముక్క ఉందనుకోండి. ముందు దాని ముఖాలను లెక్కపెట్టాలి. ఉలితో చెక్కిన ముఖం వేరు, పేలుడుకు విరిగిన ముఖం వేరు. విరిగినది గరుకుగా, పదునైన అంచులతో, లోపలి రంగుతో ఉంటుంది. చెక్కిన ముఖం మీద ఉలి గీతలు ఒక దిక్కున నడుస్తాయి. శతాబ్దాలు ఎండా వానా తిన్న ముఖం మసకబారుతుంది, కాబట్టి అది బయటి వైపు. సున్నం అంటుకున్న ముఖాలు రెండుంటే అవి కింది మీది పరుపులు, అంటే కింది వరుస మీద కూర్చునే ముఖం, పై వరుసను మోసే ముఖం. ఆ సున్నంలో ఇటుక పొడి కలిసి ఎర్రగా కనిపిస్తే మరీ మంచిది. ఒట్టోమన్ మేస్త్రీలు సున్నంలో ఇటుక పొడి కలిపేవారు. మనం సుర్ఖీ అనేది అదే, కుతుబ్ షాహీ కట్టడాల్లోనూ దొరుకుతుంది. పై పరుపులో చిన్న గుంట, అందులో తుప్పు, చుట్టూ బూడిదరంగు లోహపు ఛాయ ఉంటే అక్కడ ఇనుప కొక్కెం ఉండేదని అర్థం. పక్క రాయితో కలిపి పట్టేందుకు ఇనుప కొక్కెం దిగవేసి, దాని మీద కరిగించిన సీసం పోసేవారు. సీసం రెండు పనులు చేస్తుంది. కొక్కెం కదలకుండా పట్టి ఉంచుతుంది, నీరు తగలకుండా ఇనుమును కాపాడుతుంది. సీసం సరిగా నిండని చోట ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. అలాంటి పాత చీలిక పేలుడు చీలిక కంటే నున్నగా, మురికిపట్టి ఉంటుంది. రెంటినీ వేరు చేయగలగాలి.

మీనార్ రాళ్లు అన్నిటికంటే ముందు పట్టుబడతాయి. ఒట్టోమన్ మీనార్‌లలో మెట్టు రాయి ఒక ప్రత్యేకమైన వస్తువు. ఒక కొస బయటి గోడలో కలిసేలా, నడుమ భాగం అడుగు వేసే మెట్టుగా, రెండో కొస గుండ్రటి బిళ్లగా ఒకే రాయిని చెక్కుతారు. ఆ బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే మీనార్ నడుమ స్తంభం తయారవుతుంది, మెట్లు దాని చుట్టూ మెలి తిరుగుతాయి. బిళ్ల ఒక్కటి దొరికినా అది ఎక్కడిదో సందేహం ఉండదు. మీనార్ పైకి పోయేకొద్దీ సన్నబడితే వంపు కూడా మారుతుంది. కాబట్టి వంపును కొలిస్తే ఏ ఎత్తుకు చెందిందో సుమారుగా తేలుతుంది. గుమ్మటం కింది పట్టీ రాళ్లు, కమాను రాళ్లు, మిహ్రాబ్ (ప్రార్థన దిక్కును చూపే గోడగూడు) పైని మెట్లమెట్ల చెక్కడపు రాళ్లు కూడా ఇలాగే తమ వంపును బట్టి చిరునామా చెబుతాయి. అన్నిటికంటే కష్టం మామూలు గోడరాయితో. నాలుగు పలకల సాదా రాయి ఉత్తరపు గోడదో దక్షిణపు గోడదో చెప్పడం కష్టం. అక్కడ వరుస ఎత్తే దిక్కు. పాత ఫోటోలో ఒక వరుస ఎత్తు పక్క వరుసల కంటే కాస్త తేడాగా ఉంటే, ఆ ఎత్తున్న రాళ్లన్నీ ఆ వరుసకు అభ్యర్థులవుతాయి.

ఇదంతా పాత కొలతల చిత్రాలు, ఫోటోలు ఉంటేనే సాగుతుంది. ఆ నగర మసీదుల మీద దశాబ్దాల తరబడి పనిచేసిన సబీరా హుసెజినోవిచ్ వంటి పరిశోధకుల శ్రమ ఇక్కడ ఫలించింది. భూకంపం తర్వాత మరమ్మతు చేసినవారు, స్మారకాల జాబితా తయారుచేసినవారు, తమ చిత్రాలు ఒకనాడు ఇలా వాడాల్సి వస్తుందని ఊహించి ఉండరు. పళ్లచక్రాల గడియారాన్ని విప్పి, ముక్కలన్నీ కలిపేసి, పాత ఫోటో చూసి మళ్లీ కూర్చమన్నట్టు ఉంటుంది ఈ పని. ఆ ఫోటో కూడా లేకపోతే చేసేదేమీ ఉండదు.

సున్నం సంగతి కూడా చెప్పాలి. పాత రాళ్లను సిమెంటుతో అతికించడం మన దేశంలో లెక్కలేనన్ని గుళ్లను పాడుచేసింది. సిమెంటు రాయి కంటే గట్టిది, నీటిని బయటికి పోనివ్వదు. తేమ రాయిలోంచి దారి వెతుక్కుంటుంది, లవణాలు పొంగి రాయి ముఖం పెచ్చులూడిపోతుంది. సున్నం రాయి కంటే మెత్తన. ఒత్తిడి వస్తే ముందు తాను పగులుతుంది, రాయిని కాపాడుతుంది. పాత పద్ధతే వాడాలన్న షరతుకు భావోద్వేగం కారణమని కొందరు అనుకుంటారు. అది పూర్తిగా రసాయనశాస్త్రం, బలాల లెక్క.

వెనిస్ చార్టర్ ఏమంటుంది

స్మారకాల పరిరక్షణ సూత్రాలు చెప్పే అంతర్జాతీయ పత్రం 1964 వెనిస్ చార్టర్ మా రంగానికి మూలగ్రంథం లాంటిది. ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగాలని దాని తొమ్మిదో అధికరణం చెబుతుంది. పదిహేనో అధికరణం పురావస్తు స్థలాల్లో పునర్నిర్మాణాన్ని ముందే తోసిపుచ్చి, విడిపోయిన అసలు భాగాలను తిరిగి కూర్చడం ఒక్కటే అనుమతిస్తుంది. ఫెర్హాదియాను వ్యతిరేకించినవారి శాస్త్రీయ వాదన ఇదే. కొత్త రాయితో కట్టింది 21వ శతాబ్దపు కట్టడం, దాన్ని 1579 నాటిదని చూపడం చరిత్రను వక్రీకరించడమే అన్నారు. ఖాళీ స్థలమే నిజమైన స్మారకమని, విధ్వంసానికి అదే సాక్ష్యమని కూడా వాదన ఉంది.

ఈ వాదనలో నాకు గౌరవం ఉన్న భాగం తొమ్మిదో అధికరణం. ఊహ మీద ఒక్క రాయి కూడా పెట్టకూడదు. కానీ పదిహేనో అధికరణాన్ని రాసినవారి మనసులో ఉన్నది శతాబ్దాల కిందట పాడుబడిన గ్రీకు, రోమన్ శిథిలాలు. ఆ గుళ్లలో మొక్కేవాళ్లు లేరు. ఫెర్హాదియా నమాజు జరిగే మసీదు. అక్కడ ప్రార్థించినవాళ్లు బతికే ఉన్నారు, చాలామంది తరిమివేతకు గురయ్యారు. ఖాళీ స్థలమే సాక్ష్యం అని వాళ్లతో చెప్పడమంటే, కూల్చినవాడు కోరుకున్న ఫలితాన్ని మన శాస్త్రం పేరుతో ఖాయం చేయడమే. ఈ పనిని నేను చేయలేను.

పైగా మా రంగం ఇప్పటికే ఈ గీత దాటింది. రెండో ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన వార్సా పాతబస్తీని మళ్లీ కట్టారు, యునెస్కో 1980లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1993 నవంబరు 9న కూల్చిన మోస్తార్ పాతవంతెన 2004లో మళ్లీ నిలబడింది, మరుసటి ఏడాది అదే జాబితాలో చేరింది. వీటిని ఒప్పుకుని ఫెర్హాదియాను ఒప్పుకోకపోవడానికి శాస్త్రీయ కారణం నాకు కనిపించదు.

పక్క కేసు: ఫోచా

ఫెర్హాదియాను ఒంటరిగా చూస్తే ఈ పద్ధతితో ఏదైనా తిరిగి వస్తుందన్న భ్రమ కలుగుతుంది. అందుకే ద్రినా నది ఒడ్డున ఉన్న ఫోచా పట్టణంలోని అలాద్జా మసీదును పక్కన పెట్టి చూడాలి. 16వ శతాబ్దం మధ్యలో హసన్ నాజిర్ కట్టించిన ఆ మసీదును 1992 ఆగస్టు 2న పేల్చేశారు. దాని శకలాలను కూడా చెల్లాచెదురు చేశారు, ఏళ్ల తర్వాత తవ్వి తీయాల్సి వచ్చింది. అదీ తిరిగి లేచింది, 2019 మే 4న ప్రారంభమైంది.

కానీ అలాద్జా పేరు మోగింది గోడల మీది రంగుల చిత్రకళ వల్ల. లోపలా వసారాలోనూ పూలతీగలు, అల్లికలు, రంగురంగుల పట్టీలు. రాయి పేలుడులో ముక్కలైనా రాయిగానే మిగులుతుంది. గచ్చు మీది రంగు పొడి అయిపోతుంది. బెల్‌గ్రేడ్ కళాచరిత్రకారుడు ఆండ్రెయి ఆండ్రెయెవిచ్ 1972లోనే ఆ మసీదు మీద సమగ్ర గ్రంథం ప్రచురించాడు. కాబట్టి అక్కడ ఏ అలంకారం ఉండేదో లోకానికి తెలుసు. తెలిసినంత మాత్రాన 16వ శతాబ్దపు చిత్రకారుడి కుంచె గీత తిరిగి రాదు. ఇవాళ వేసేది ఇవాళ్టి చిత్రకారుడి పని. దాన్ని అలాగే చెప్పి వేయాలి. ఆకారాన్ని, రాయిని తిరిగి తేగలం. రంగు పోయిందంటే పోయినట్టే. మీ పరిధిలో బొమ్మలున్న గోడ ఏదైనా ఉంటే, రాతిపని కంటే ముందు దాన్ని నమోదు చేయండి. లేపాక్షి పైకప్పు చూసిన ప్రతిసారీ నాకు ఇదే ఆత్రం.

నా అంచనా

ఫెర్హాదియాను వృత్తిపరంగా నేను విజయంగానే లెక్కిస్తాను. చోటు మారలేదు, కొలత మారలేదు, అసలు రాయిని వెతికి తెచ్చి వాడారు, ఆధారం చూసి చెక్కారు. ఒక్క విషయంలో మాత్రం ఇలాంటి పనులన్నిటి మీదా నాకు పట్టుదల ఉంది. పాత రాయికీ కొత్త రాయికీ తేడా కంటికి తెలియాలి. కొత్త రాయి తెల్లగా ఉండి మొదటి కొన్నేళ్లు తేడా తనంతట తానే తెలుస్తుంది. యాభై ఏళ్ల వాన తర్వాత రెండూ ఒక్కటైపోతాయి. అందుకని ఉలిపనిలోనే చిన్న తేడా పెట్టాలి. కొత్త రాయి అంచున సన్నటి గీత గానీ, చెక్కే దిక్కు మార్చడం గానీ. దూరం నుంచి చూసేవారికి మసీదు నిండుగా కనిపించాలి, దగ్గరికి వచ్చి చెయ్యి పెట్టినవారికి 1993 తగలాలి. ఏ రాయి పాతదో చూపించే గోడల పటాన్ని ఆవరణలోనే అందరికీ కనిపించేలా పెట్టడం కూడా పనిలో భాగమే.

ఇలాంటి ప్రాజెక్టును ఎవరైనా చేపడితే నేను మొదటి రోజే అడిగేవి ఇవి. శిథిలాలు ఎక్కడికి పోయాయి, ఎవరి లారీల్లో, ఏ తేదీల్లో? డ్రైవర్లు ఇంకా ఊళ్లో ఉంటారు, మాట్లాడించాలి. డంపింగ్ యార్డుకు వెంటనే చట్టరక్షణ ఉందా? లేకపోతే కేసు నడుస్తుండగానే దాని మీద కొత్త మట్టి పడుతుంది. పెళ్లి ఫోటోలు, పోస్టుకార్డులు, పర్యాటకుల ఆల్బములు ఎవరి దగ్గర ఉన్నాయి? ప్రభుత్వ చిత్రాల్లో లేని మూల ఒక పెళ్లి ఫోటోలో దొరకవచ్చు. ఇక ఆ కట్టడాన్ని వాడినవారు ఎక్కడున్నారు, వాళ్లు తిరిగి వస్తారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేకుండా కట్టిన గోడలు మ్యూజియం అవుతాయి. 2016లో ఫెర్హాదియా ప్రారంభానికి వేలాదిమంది వచ్చారు, వారిలో యుద్ధకాలంలో ఆ ఊరు విడిచి వేరే దేశాల్లో స్థిరపడినవారూ ఉన్నారు. వేడుక ముగిశాక రోజూ నమాజుకు ఎంతమంది వస్తారన్నదే అసలు పరీక్ష. దాన్ని వాస్తుశిల్పి గెలవలేడు. ఇళ్లు, ఉద్యోగాలు, భద్రత ఇవ్వాల్సినవారు గెలవాలి.

బోస్నియాలో మే 7ను ఇప్పుడు మసీదుల దినంగా పాటిస్తారు. అదే రాత్రి కూలిన అర్నావుదియాను 2024 మే 7న ప్రారంభించారు. ఫెర్హాదియా పనిలో నేర్చుకున్న పద్ధతి అందుబాటులో ఉన్నా, దానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది.